చేను గట్టు మీది అర మైలు

నడకకు వెళ్లినప్పుడు నాకు అన్నిటికన్నా కష్టమైన పని, ఒకసారి పలకరించిన మనిషికి రెండోసారి ఎదురుపడడం. మొదటిసారి ఫర్వాలేదు. తల కొంచెం వంచి, చిన్నగా నవ్వి, హాయ్ అని దాటిపోవచ్చు. అరగంట తర్వాత అదే మనిషి, అదే కుక్క మళ్లీ ఎదురొస్తే ఏం చేయాలి? మళ్లీ హాయ్ అంటే మొదటిది మరిచిపోయినట్టుంటుంది. ఊరుకుంటే పొగరనుకుంటారు. కుక్కను చూసి నవ్వితే కుక్క ఆగుతుంది, దాంతో మనిషీ ఆగుతారు. ఉద్యోగానికి దేశం దాటి ట్రాయ్‌కి వచ్చిన మొదటి ఏడాది ఈ బాధకే మా అపార్ట్‌మెంట్ పక్కనున్న పార్కుకు వెళ్లడం మానేశాను. అక్కడి దారి తిన్నగా వెళ్లి ఒక చెక్క బెంచీ దగ్గర ఆగిపోతుంది. వెళ్లినవాళ్లందరూ వెనక్కి తిరిగి రావలసిందే.

అందుకే ఉత్తరం వైపు, ఊరు అయిపోయే చోట, బయలుదేరిన చోటికే చుట్టు తిరిగి వచ్చే దారి ఒకటి ఉందని తెలిసినప్పుడు ఆ శనివారమే వెళ్లాను. చివరి సిగ్నల్ దాటాక ఒక పెట్రోల్ బంకు, ఒక ఫర్నిచర్ గోడౌను, ఆ తర్వాత ఒక్కసారిగా ఆకాశం పెద్దదైపోతుంది. కారు పార్క్ చేసి దిగితే ముందు వాగు. వాగు పక్కన రెల్లులో, రెక్క మీద ఎర్రటి మచ్చ ఉన్న నల్ల పిట్టలు. తర్వాత కొత్త ఇళ్ల వెనక వైపు, వాళ్ల గ్రిల్లులూ, పిల్లలు గెంతే ట్రాంపొలీన్లూ చూసుకుంటూ పది నిమిషాలు. ఆపైన ఒకప్పటి రైలు కట్ట. పట్టాలు తీసేసి కంకర పరిచారు, రెండు వైపులా కొత్తిమీర పూతలాంటి తెల్ల పూలు నడుమెత్తున పెరిగి ఉంటాయి. రైలు కట్ట ఒక మొక్కజొన్న చేను దగ్గర అయిపోతుంది. ఆ చేను గట్టు మీదుగా అర మైలు నడిస్తే మళ్లీ మన కారు కనిపిస్తుంది. మొత్తం మూడున్నర మైళ్లు.

ఆ అర మైలు అందరి దారీ కాదు. ఎవరిదో సొంత పొలం. గట్టు మొదట్లో చెక్క మీద ఆకుపచ్చ పెయింటుతో చేత్తో రాసిన బోర్డు ఉండేది: నడిచేవాళ్లు రావచ్చు, గట్టు దిగి చేలోకి రావద్దు అని. ఆ బోర్డు పెట్టిన మనిషిని నేను చూడలేదు గానీ అక్షరాలను బట్టి మంచివాళ్లే అనుకున్నాను. ఆ గట్టు లేకపోతే ఈ దారి చుట్టు కాదు. రైలు కట్ట చివరిదాకా వెళ్లి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. లేదా ట్రక్కులు తిరిగే రోడ్డు పక్కన, నడవడానికి జాగా లేని చోట నడవాలి.

ఒక ఏడాదిపాటు ఒక్కదాన్నే వెళ్లాను. జేబులో లైబ్రరీ పుస్తకం, కారులో డైరీ. వారం రోజులూ ఆఫీసులో మీటింగుల్లో నోరు విప్పడానికి కూడగట్టుకోవలసిన ధైర్యం ఇక్కడ అక్కర్లేదు. కొంగ కనిపించిందనీ, వాగు తగ్గిందనీ రాసుకునేదాన్ని. ఎవరూ చదవనివి రాయడంలో ఒక హాయి ఉంది.

కిందటి వేసవిలో ఆంటీ తోడయింది. మా పక్క బిల్డింగులో ఉంటుంది, కార్ల విడిభాగాల కంపెనీలో టెస్టింగ్ పని. నిజామాబాద్ వైపు మనిషి. కూతురు కాలేజీ హాస్టల్‌కి వెళ్లిపోయాక శనివారాలు ఏం చేయాలో తెలియడం లేదట. మెట్ల దగ్గర నా బూట్లకున్న బురద చూసి ఎక్కడికి వెళ్తున్నావని అడిగింది. చెప్పాను. వచ్చే వారం నేనూ వస్తానంది. కాదనడం నాకు చేతకాదు. ఆ వారమంతా, ఇక నా శనివారం పోయిందనే అనుకున్నాను.

పోలేదు. ఆంటీ ఇద్దరికి సరిపడా మాట్లాడుతుంది. మనం ఊఁ అంటే చాలు, ఆ ఊఁ కూడా ఆమెకు అంతగా అవసరం లేదు. ఎదురొచ్చినవాళ్లందరినీ ఆమే పలకరించేసేది కాబట్టి నాకు ఆ పనీ తప్పింది. మొదటి రోజే నన్నొక మాట అడిగింది.

"ఆంటీ ఆంటీ అంటున్నవ్, అక్కా అనరాదా? నీకు నాకు ఏం అంత తేడా ఉన్నదని?"

ఇరవై నాలుగేళ్లు తేడా ఉందండీ అన్నాను. "లెక్కలు బాగానే వస్తయ్ నీకు," అంది. ఆంటీ అనే పిలుస్తూ వచ్చాను.

చేను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆంటీ మాటలు ఆగిపోయేవి. వాళ్ల నాన్న మక్క వేసేవాడట. మేము మొక్కజొన్న అనేదాన్ని వాళ్లు మక్క అంటారు. ప్రతి శనివారం గట్టు మీద నిలబడి చేనుకు పరీక్ష పెట్టేది. జూన్ చివర మోకాలెత్తుకు వచ్చింది, నీళ్లు సరిపోయాయి అంది. జూలైలో పూత తీసింది. తర్వాత కంకులకు పీచు వచ్చింది, ఇంకో మూడు వారాలు అంది. దేనికి మూడు వారాలు అని నేను అడగలేదు.

ఇక్కడ షాపుల్లో దొరికేది తీపి రకం, దాంతో గారెలు కావని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. రుబ్బితే నీళ్లు కారుతుందట, నూనెలో వేస్తే విడిపోతుందట, పోనీ శనగపిండి కలిపితే అది శనగపిండి వడ అవుతుంది గానీ మక్కగారె ఎలా అవుతుందట. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో మక్కగారె తినలేదని ఆమె చెబుతుంటే అదో పెద్ద కష్టంలా నాకు అనిపించలేదు. ఈ చేలో ఉన్నది పశువుల దాణాకు వేసే రకం. అంటే అచ్చంగా మన రకం. గింజలో చక్కెర తక్కువ, పిండి ఎక్కువ.

ఆగస్టు మధ్యలో ఒక శనివారం ఆంటీ గట్టు అంచున ఆగింది. చేను వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, గట్టిగా కేక వేసింది.

"అన్నా! రెండు కంకులు తెంపుకుంటున్ననే!"

ఎవరూ పలకలేదు. ఒక కాకి లేచింది. ఆంటీ ఓ నిమిషం చూసింది. తర్వాత చివరి సాలులోంచి నాలుగు పొత్తులు విరిచి, నా చేతిలో ఉన్న సంచిలో వేసింది. నేను సంచి నోరు తెరిచి పట్టుకున్నాను. ఈ మాట ఇక్కడ తప్పించుకోకుండా రాయాలి. వద్దండీ అని నేను అనలేదు.

వాళ్ల ఊళ్లో అంతేనట. దారిన పోయేవాళ్లు ఒక కేక వేసి, చివరి సాలులోంచి రెండు తీసుకుంటారు. చేనాయన ఉంటే తీసుకో అంటాడు, లేకపోతే అన్నట్టే లెక్క. కేక వెయ్యకుండా తీసుకుంటేనే దొంగతనం. నలుగురికి తెలిసేలా అరిచాం కదా అంది ఆంటీ. ఆ నలుగురూ ఎక్కడున్నారో నాకు కనబడలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింట్లో గారెలు. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, కొంచెం కచ్చాపచ్చాగా రుబ్బిన గింజలు. అంచులు కరకరలాడాయి, లోపల మెత్తగా, ఒక మూల గింజ పంటికి తగులుతూ. ఏడు తిన్నాను. ఎంత బాగున్నాయంటే, ఎక్కడివో మరిచిపోయాను.

తప్పు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆంటీ ఆ గారెల ఫొటో ఈ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ అడిగితే చేను ఎక్కడుందో చెప్పింది. కేక వేసి తీసుకోవాలనీ, చివరి సాలు మాత్రమేననీ కూడా చెప్పిందట. దారి గుర్తుంచుకున్నవాళ్లు మిగతా రెండూ మరిచిపోయారు.

మరుసటి శనివారం మేము రైలు కట్ట చివరికి వచ్చేసరికి గట్టుకు అడ్డంగా గొలుసు ఉంది. ఆకుపచ్చ బోర్డు లేదు. దాని చోట ఒక అట్ట. తన పంట కోసి, మొక్కలు విరగ్గొట్టి, సాళ్లలోపల తిరుగుతున్నారని, ఇక ఈ దారి మూసేస్తున్నానని రాసి ఉంది. అక్షరాలు అవే చేతివి. గొలుసు అవతల పది పన్నెండు మొక్కలు నేలమీద పడి ఉన్నాయి. ఒకటి అడ్డంగా గట్టు మీదే పడి, ఆకులు ఎండిపోయాయి.

ఆంటీ ఆ అట్టను రెండుసార్లు చదివింది. వచ్చిన దారినే వెనక్కి నడిచాం. వెళ్లేటప్పుడు పలకరించినవాళ్లందరూ మళ్లీ ఎదురయ్యారు. ఆంటీ కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. మూడున్నర మైళ్ల దారి ఆ రోజు ఆరు మైళ్లయింది.

ఆ సాయంత్రం గ్రూపులో పెద్ద చర్చ జరిగిందని ఆంటీ చెప్పింది. ఒకాయన, ఇక ఎవరూ ఆ వైపు వెళ్లొద్దు, సైలెంట్‌గా ఉండండి, థెఫ్ట్ కేసు ఫైల్ అయితే హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి ప్రాబ్లం అవుతుంది అని రాశాడట. ఇంకొకరు ఫొటోలు డిలీట్ చేయమన్నారట. ఆంటీ గ్రీన్ కార్డు పన్నెండేళ్లుగా పెండింగులో ఉంది. నాది అసలు మొదలే కాలేదు. ఇద్దరం వాళ్ల వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాం. భయపడడానికి కారణాలు సరిపోయినన్ని ఉన్నాయి.

కానీ నాకు ఆ గొలుసే కళ్లముందు ఉంది. ఈ ఊళ్లో నేను ఎంచుకున్నది అంటూ ఏదైనా ఉంటే అది ఆ దారి. ఉద్యోగం దొరికింది, అపార్ట్‌మెంట్ ఖాళీగా ఉన్నది తీసుకున్నాను. ఆ చుట్టు మాత్రం నేను వెతుక్కుని కనుక్కున్నది. నాదే కాదు, వాగు దగ్గర ప్రతిసారీ కనిపించే ముసలాయన, పాపాయి స్ట్రోలర్ తోసుకుంటూ పరిగెత్తే ఆవిడ, అందరికీ ఆ అర మైలు పోయింది. మా సంచి వల్ల పోయింది.

వెళ్లి చెబుదామండీ అన్నాను. ఆ మాట అన్నది నేనేనని నాకే నమ్మకం కలగలేదు.

ఆంటీ టీ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు మాట్లాడ్తవా? నాకు ఆఫీసు ఇంగ్లీషే వస్తది. తప్పయిందని చెప్పే ఇంగ్లీషు నీ పుస్తకాల్ల ఉంటది."

ఏం చెప్పాలో డైరీలో రాసుకున్నాను. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి సగం పేజీకి తెచ్చాను. ఆదివారం ఉదయం పదింటికి బయలుదేరాం. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్లకూడదని ఆంటీ ఫ్రీజర్లో మిగిలిన గారెలు వేడి చేసి డబ్బాలో పెట్టింది. దొంగిలించినదాన్నే వండి పట్టుకెళ్తున్నామండీ, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నాను. ఆంటీకి నవ్వొచ్చింది గానీ డబ్బా మాత్రం వదల్లేదు.

చేను అవతల తెల్లటి ఇల్లు, దాని పక్కన ఎర్ర కొట్టం. తలుపు తట్టేలోపే కొట్టంలోంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. రబ్బరు బూట్లు, చేతికి గ్రీజు. ఏం కావాలని అడిగింది. నేను రాసుకున్న కాగితం జేబులోంచి తీశాను. నాలుగు మడతలు, ఒకటి విప్పితే ఇంకొకటి. ఆవిడ ఎదురుచూసింది. చివరికి కాగితం పక్కన పెట్టి, పొత్తులు మొదట కోసింది మేమే, మా వల్లే మిగతావాళ్లకు తెలిసింది, క్షమించమని అడగడానికి వచ్చాం అన్నాను. రాసుకున్నదాంట్లో అంతకన్నా మంచి మాటలు చాలా ఉన్నాయి.

"కోసి ఏం చేశారు?" అంది ఆవిడ.

తిన్నాం అన్నాను.

"అది ఆవుల దాణా. మీరు తిన్నారా?"

ఆంటీ డబ్బా మూత తీసింది. ఆవిడ గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకుని ఒక గారె తీసుకుంది. కొరికి, నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చిమిర్చి అని చెప్పబోయాను. ఆవిడ చేయెత్తి నన్ను ఆపి, మిగతాది కూడా తినేసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఈ దాణాతో ఇలా చేస్తారని అరవై ఏళ్లలో ఎవరూ చెప్పలేదంది.

తర్వాత మమ్మల్ని చేను దగ్గరికి తీసుకెళ్లింది. విరిగిన మొక్కలు ఒక్కొక్కటీ చూపించింది. పొత్తులు పోయినందుకు తనకు కోపం లేదు, జింకలు అంతకన్నా ఎక్కువ తింటాయి. సాళ్ల మధ్యలో దూరి, పచ్చి మొక్క మీద కాలేసి, ఏవి పాలు పట్టాయో తెలియక పది విరిచి ఎనిమిది పారేశారు, అది చూసి కోపం వచ్చిందంది. ఆ మాట వింటూనే ఆంటీకి సంకోచం పోయింది. పక్కనున్న కంకి మీది పొరను కొంచెం వొలిచి, గింజను గోటితో నొక్కి, పాలు చిమ్మడం చూపించింది. ఆవిడ కూడా ఇంకో కంకి పట్టుకుని సరిగ్గా అలాగే గోటితో నొక్కింది. ఆవిడ గింజలో పాలు కొంచెం చిక్కబడ్డాయి. ఈ పాలు ఇంకో వారం ఉంటాయి అన్నారు ఒకరు, అయిదు రోజులే అన్నారు ఇంకొకరు. ఎవరి భాషలో వారు అన్నారు. నేను తర్జుమా చేసేలోపే ఇద్దరికీ అర్థమైపోయింది.

గొలుసు సంగతి నేనే అడగవలసి వచ్చింది. బోర్డు పెట్టానుగా, ఎవరు చదివారు అంది ఆవిడ. అందరికీ ఇంగ్లీషు వచ్చు, చదివే ఉంటారు అన్నాను. నిజమే చెప్పాలని వచ్చాం కాబట్టి అదీ చెప్పాను.

"చదివినా వినలేదు," అంది ఆవిడ. "మీ భాషలో రాస్తే వింటారా?"

తెలియదన్నాను. ఇంగ్లీషు బోర్డు ఊళ్లో అందరికీ చెప్పినట్టు ఉంటుంది, సొంత భాషలో ఉంటే నీకే చెప్పినట్టు ఉంటుంది అని మాత్రం అన్నాను. ఆవిడ చేయి చాపి చూపించింది. గట్టు దగ్గరున్న చివరి సాలు, మొదటి కంచె కర్రదాకా మీవాళ్లు కోసుకోవచ్చు, అది కూడా వచ్చి నా తలుపు తట్టి అడిగాక, లోపలికి మాత్రం ఒక్క అడుగు కూడా వేయకూడదు అంది. ఇదంతా రాసి శనివారం పట్టుకురా, అప్పుడు చూద్దాం అంది. గొలుసు తీస్తానని మాత్రం అనలేదు.

ఆ వారం ఆఫీసు నుంచి రాగానే అదే పని. డైరీల్లో వందల పేజీలు రాశాను గానీ నలుగురు చదివేది ఒక్క వాక్యమూ రాయలేదు. గద్దిస్తే మనవాళ్లు ఫొటో తీసి నవ్వుకుంటారు. బతిమాలితే పట్టించుకోరు. 'దయచేసి' మొదట పెట్టాను, చివరికి జరిపాను, తీసేశాను, మళ్లీ పెట్టాను. ఆంటీ చదివి ఒకటే తప్పు పట్టింది.

"మొక్కజొన్న అని రాసినవ్. మావాళ్లు చదివి, ఇది ఆంధ్రోళ్లకు చెప్పిన్రు అనుకుంటరు."

మక్క అని కూడా పక్కన చేర్చాను. గ్రూపులో కూడా ఆంటీ తనే రాసింది, మొదట కోసింది నేనే, వెళ్లి ఒప్పుకున్నాను అని. ఇద్దరు, తలుపు తట్టడానికి మేమూ వెళ్తామన్నారట.

శనివారం రైలు కట్ట చివరికి చేరేసరికి గొలుసు అలాగే ఉంది. అవతల ఆవిడ, చేతిలో సుత్తి. నేను రాసి తెచ్చిన చెక్క పలక అందించాను. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. అక్షరాలన్నీ గుండ్రంగా ఉన్నాయే అంది. తర్వాత, చదివి వినిపించు అంది.

అర్థం కాదు కదండీ అన్నాను. "నా పొలంలో ఏం నిలబెడుతున్నానో నేను వినాలిగా," అంది ఆవిడ.

నేను రాసినది నేను ఎప్పుడూ పైకి చదవలేదు. పలక మీద చూపు నిలిపి మొదలుపెట్టాను.

"దారిన నడిచేవారికి నమస్కారం. ఈ మొక్కజొన్న, మీరు మక్క అన్నా సరే, ఒకరు కష్టపడి పెంచినది. కంకి కావాలంటే ఎదురుగా ఉన్న తెల్లటి ఇంటి తలుపు తట్టి అడగండి. ఈ గట్టు పక్క సాలులో, మొదటి కర్రదాకా కోసుకోనిస్తారు. గింజను గోటితో నొక్కి చూశాకే తుంచండి. చేలోపలికి దయచేసి వెళ్లకండి. మనం మాట నిలబెట్టుకుంటేనే ఈ దారి ఉంటుంది."

మొదటి వాక్యం నాకే వినపడలేదు. నాలుగోదానికి గొంతు సర్దుకుంది. వెనక ఎవరో ఇద్దరు నడిచేవాళ్లు వచ్చి ఆగారు, నేను ఆపలేదు. ఆవిడ తల కొంచెం పక్కకు వంచి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా విన్నది. నా ఇంగ్లీషు బోర్డు ఇంతకన్నా చిన్నది అంది. అందులో నమస్కారం లేదు కదండీ అన్నాను.

ఆవిడ అట్టను పీకేసి, ఆ చోట పలకను ఆనించింది. ఆంటీ వంకరగా ఉందని సరిచేసింది. నాలుగు మేకులు కొట్టారు. తర్వాత ఆవిడ గొలుసు కొక్కెం తీసి, గొలుసును చుట్ట చుట్టి భుజాన వేసుకుని కొట్టం వైపు వెళ్లిపోయింది.

వెనకనున్న ఇద్దరికీ దారి వదిలాం. వాళ్ల తర్వాత మేము. మక్క ఆకులు అంచుల్లో పసుపు తిరగడం మొదలైంది, గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఇంకో నెలకు ఇదంతా కోసేస్తారని, అప్పుడు గట్టు మీంచి వాగుదాకా కనిపిస్తుందని ఆంటీ చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊఁ అంటూ నడిచాను. మలుపు తిరిగేసరికి మా కారు కనిపించింది.